పెద్దకర్మ మరునాడు

పెద్దకర్మ ముగిసిన మరునాటి ఉదయమున మా ఊరగు యాచారములో ఒక ఇంటి ముందర నేను చూచిన దృశ్యము, ఏండ్లు గడచినను, నా కన్నుల యెదుటనుండి తొలగిపోలేదు. పదునొకండు దినములు వాకిటికి నీడనిచ్చిన టెంటును పనివాండ్రు విప్పి చుట్టలు చుట్టుచుండిరి. ఒకడు ప్లాస్టిక్ కుర్చీలను ఒకదానిలో నొకటి దూర్చి లెక్కపెట్టుచుండెను. వంటకు తెచ్చిన పెద్ద గంజులు, గంటెలు ట్రాలీ ఆటోలోని కెక్కుచుండెను. లోపల, గోడకు క్రొత్తగా తగిలించిన పటము క్రింద, ఆ ఇంటి ఇల్లాలు మోకాళ్లపై గడ్డ మానించి కూర్చుండి, వాకిలి ఖాళీ యగుచున్నకొలది తల మరింత వంచుకొనుచుండెను. తెల్లవారుజామున పాలకేంద్రమునకు మోటారుసైకిలుపై క్యాన్లు తీసికొనిపోవుచు, నాగార్జునసాగర్ రహదారిపై లారీ తాకి ఆమె భర్త మరణించి అప్పటికి పండ్రెండు దినములు. ఊరి కూడలిలో అతని ముఖముతో కట్టిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ గాలికి కొట్టుకొనుచునే యున్నది; దాని క్రిందనుండి ఊరు తన పనికి తాను పోవుచున్నది.

నిజమైన దుఃఖము ఆ ఉదయముననే మొదలగునని నా యభిప్రాయము. ఆపద వచ్చిన దినమున పరుగెత్తి వచ్చుట మనకు తెలిసినంతగా, అందరును వెడలిపోయిన పిమ్మట మరల వచ్చుట మనకు తెలియదు. ఇంటియెడ నేమి, ఊరియెడ నేమి, ప్రభుత్వముయెడ నేమి, మన లోపము ఈ యొక్కచోటనే యున్నది; దీనిని సరిదిద్దుకొననిదే ఎంత పరిహారము పంచినను, ఎంత కన్నీరు కార్చినను, మనము దుఃఖితులను ఆదుకొన్నవారము కాజాలము.

తొలి దినములలో మన పల్లెలు చూపు వివేకమును తక్కువగా నెంచరాదు. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగింపరాదని ఆచారము. ఆ నిషేధము వలన ఇరుగుపొరుగువారు వండి తెచ్చుట విధి యైనది. దుఃఖములో మునిగినవారిని నీకేమి కావలెనని యడుగుట వ్యర్థము, ఏలయన ఏమి కావలెనో వారికే తెలియదు; అందుచేతనే మన పెద్దలు అడుగుట అనునది లేకుండ అన్నమును వాకిటికి నడిపించిరి. ఆ దినములలో మా వాడకట్టులోని ఒక ముసలమ్మ ఆ ఇల్లాలి యెదుట పళ్ళెము పెట్టి, “లే బిడ్డా, బుక్కెడు తిను. పోరగాండ్లు నీ మొకమే చూస్తున్నరు” అని, అంతకు మించి యొక్క మాటయు పలుకక, తానును ప్రక్కనే చతికిలబడి, ఆమె మూడు ముద్దలు మ్రింగువరకు కదలలేదు. బడిమొగ మెరుగని ఆ వృద్ధకు ఓదార్పు కూర్చుండుటలో నున్నదని తెలియును. చదువుకొన్నవారమైన మేము, ధైర్యము చెప్పవలెనను తొందరలో, ఆ ఇల్లాలిచేత నాలుగు గంటలు ఊరక తల యూపించితిమి.

మూడవనాడు పిట్టకు పెట్టుట యను మరియొక ఆచార మున్నది. విస్తరిలో చనిపోయినవానికి ఇష్టమైన పదార్థములు వడ్డించి, దూరముగా నిలిచి, కాకి ముట్టుటకై యెల్లరు ఎదురుచూతురు. కాకి రానిచో ఏ కోరిక మిగిలెనో యని బంధువులు ఒక్కొక్కరే ముందుకు వచ్చి గొంతెత్తి మాట యిత్తురు. ఆనాడు కాకి చాలసేపు రాలేదు. అన్నగారు ముందుకు వచ్చి, “నీ పిల్లల సదువు నేను జూస్త తమ్మీ, పైలంగ పో” అనెను. మేనమామ, “బర్రెల అప్పు నేను దీరుస్త” అనెను. నలువదిమంది ఆ మాటలు వినిరి. కాకి వచ్చి ముట్టినది. ఆ యాచారము పక్షి కొరకే యేర్పడినదని నేను తలపను. మిగిలిన బిడ్డల బాధ్యతను నలుగురి యెదుట బహిరంగముగా పంచుకొనుటకు మన పూర్వులు కల్పించిన సభ యది. అయితే అందలి చిక్కు ఒక్కటియే: సాక్షి యైన కాకి ఎగిరిపోవును, సాక్షులైన మనుజులు మరచిపోవుదురు.

ఆ ఇంట మాల్ ఊరి అంగడిలో అప్పు చేసి కొన్న రెండు బర్రె లుండెను. పాలు పిండువాడు అతడే. అతని చేతికే అవి మరగినవి. అతడు పోయిన పిమ్మట ఎవరు పొదుగు ముట్టినను అవి చేపునకు రాలేదు. దూడను విడిచి చూచిరి, తవుడు ఎక్కువగా కలిపి చూచిరి. కాళ్లు విదల్చుటయు, కొట్టమువైపు వచ్చు ప్రతి అడుగు చప్పుడునకు చెవులు రిక్కించి తల త్రిప్పి చూచుటయు తప్ప, క్యానులో పోయదగినన్ని పాలు లేవు. మాట లెరుగని పశువు, వచ్చినవాడు ఆ మనిషి కాడని యెరుగుచునే యున్నది. ఇంటికి వచ్చు ఆదాయమంతయు ఆ పాలే. పెద్దకర్మ మరునాడు ఆ ఇల్లాలి యెదుట నిలిచిన ప్రశ్న, దుఃఖమును ఎట్లు దిగమ్రింగవలె ననునది మాత్రమే కాదు. రేపు తెల్లవారినచో క్యానులో ఏమి పోయవలె ననునది.

ఇది ఒక ఇంటి సంగతి. ఊరు మొత్తమునకు, తాలూకా మొత్తమునకు వచ్చిన ఆపదల గతియు నిట్లే యుండుట నేను చూచితిని. మాకు పొరుగుననే యున్న ఇబ్రహీంపట్నము సర్కారు ఆసుపత్రిలో 2022 ఆగస్టు 25వ తేదీన కుటుంబ నియంత్రణ శిబిరము జరిగెను. డబుల్ పంక్చర్ లాపరోస్కోపీ (డీపీఎల్) అను పద్ధతిలో ఒక్కదినముననే 34 మంది స్త్రీలకు శస్త్రచికిత్స చేసిరి. కొలది దినములలోనే వారిలో నలుగురు మరణించిరి. తక్కిన ముప్పదిమందికి పరీక్షలు జరిపి, అవసరమైనవారిని హైదరాబాదులోని నిమ్స్, అపోలో ఆసుపత్రులకు తరలించిరి. వారు రోగము కుదుర్చుకొనుటకు వచ్చినవారు కారు. చిన్నబిడ్డల తల్లులు, సాయంత్రమునకో మరునాటికో ఇల్లు చేరి పిల్లల తలలు దువ్వవలసినవారు. ప్రభుత్వము విచారణ జరిపించెను, బాధ్యులని తేలినవారిపై చర్య తీసికొనెను, ఒక్కొక్క కుటుంబమునకు 5 లక్షల రూపాయలును, ఇల్లును, పిల్లల చదువునకు సహాయమును ప్రకటించెను. అది చేయదగిన పనియే. అందులకు సందేహము లేదు.

ఆ దినములలో చుట్టుప్రక్కల గ్రామములలో నేను ఎక్కువగా విన్న మాట “రాత అట్లుండె” యనునది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి నోట ఆ మాట వచ్చినపుడు నేను తల వంచి వింటిని. అది ఆమెకు ఊతకఱ్ఱ. నేను ఆ దినము పోనీయకుండినచో, నేను ముందే చూచియుండినచో, అని తన్ను తాను చీల్చుకొనుచున్న మనస్సును కొంతసేపైన పడనీయక నిలుపునది ఆ మాటయే. దానిని మూఢవిశ్వాస మని యామె చేతిలోనుండి లాగికొనుట క్రూరకార్యము. కాని అదే మాట బాధ్యత గలవాని నోట వచ్చినచో సహింపరానిది. శుభ్రపరుపని పరికరములకు తలరాత లేదు, బ్రేకులు పనిచేయని బండికి తలరాత లేదు, మలుపువద్ద దీపము లేని రహదారికి తలరాత లేదు. దుఃఖితునికి మందైన మాట దోషికి మఱుగు కాకుండ చూచుట సమాజము పని.

ఆ పనిని మనము ఎట్లు చేసితిమో చూడుడు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రము బిలాస్‌పూర్ జిల్లాలో ఇట్టి శిబిరములలోనే శస్త్రచికిత్స చేయించుకొన్న పదుమువ్వురు స్త్రీలు మరణించిరి, దేశమంతయు విలపించెను. దేవికా బిశ్వాస్ అను ఆరోగ్య కార్యకర్త అంతకు పూర్వమే, బీహారులోని ఒక శిబిరపు దుస్థితిని చూచి వేసిన వ్యాజ్యములో, 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, ఇట్టి శిబిరముల పద్ధతినే మూడేండ్లలోగా నిలిపివేయవలెనని ఆదేశించెను. మూడేండ్లు గడచెను, మరి ఇంచుమించు మూడేండ్లును గడచెను, ఇబ్రహీంపట్నములో శిబిరము జరిగెను. బిలాస్‌పూర్ తల్లుల పెద్దకర్మ మరునాడు మనము మరల వెళ్లి, ఏమి మారినదని యడిగియుండినచో, మా పొరుగున నలుగురు స్త్రీలు నేడు తమ బిడ్డలను బడికి పంపుచుండెడివారేమో! పరామర్శ అసంపూర్ణమైనచోట మరణము మరల వచ్చును. 2025 నవంబరు 3న మా జిల్లాలోనే, చేవెళ్ల మండలము మీర్జాగూడ యొద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని, రాళ్లు ప్రయాణికులపై కుప్పకూలి 19 మంది ప్రాణములు పోయెను. ఒక్క ఇంటి అక్కచెల్లెండ్రు మువ్వురు అందులో నుండిరి. ఆ రహదారిని వెడల్పు చేయవలెనను మాట ఏండ్లనాటిది.

మన గడ్డపై ఇంతకంటె మేలైన ఉదాహరణములు లేకపోలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినపుడు దాదాపు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. నేడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్న ముసలి చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూటయేబదిమంది యారాత్రి ప్రాణములు దక్కించుకొనిరి. రుబాయీల కవిగా ప్రసిద్ధికెక్కిన అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని కోలుపోయి ఒంటరిగా మిగిలెను. ఆ ఘోరమునే ఆయన కవితలో నిలిపెను, జీవితాంతము ఆ వేదన వెలుగులోనే ఆత్మను గూర్చి, ఈశ్వరుని గూర్చి వ్రాసెను. ఒక మనుజుడు తన దుఃఖమును భరించుటకు ఎంచుకొన్న దారి యది. నగరము ఎంచుకొన్న దారి మరియొకటి. నీరు తీసిన పిమ్మట, శవదహనములు, ఖననములు ముగిసిన పిమ్మట, నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఈ నది మరల ఇట్లు చేయకుండవలెనన్న ఏమి చేయవలెనని యడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరములుగా మూసీపై ఉస్మాన్‌సాగరు 1920లో, ఈసీపై హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. పండ్రెండేండ్లకు ఒకటి, పందొమ్మిదేండ్లకు ఒకటి: అంత దీర్ఘకాలము ఒక రాజ్యము తన మృతులను మరువకుండ పని చేయుటయే నిజమైన శ్రద్ధాంజలి. తరువాతి తరములు ఆ చెరువుల నీరే త్రాగినవి.

దివిసీమ కథయు నిట్టిదే. 1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణాజిల్లా తీరమును తుడిచిపెట్టినపుడు పదివేలకు పైగా ప్రాణములు పోయెను. గడ్డివాముల మీద, తాటిచెట్ల మొదళ్లలో శవములు చిక్కుకొనియున్న ఆ రోజులను చూచినవారు నేటికిని ఉన్నారు. మండలి వెంకటకృష్ణారావు వంటి నాయకులు ఆ బురదలోనే తిరిగిరి. రామకృష్ణ మిషన్ వంటి సంస్థలు అన్నము పెట్టి వెడలిపోక, నిలిచి ఇండ్లు కట్టించినవి. తీరము వెంబడి తుపాను ఆశ్రయములు లేచినవి. హెచ్చరికలు, తరలింపులు క్రమపడినవి. 1990 మే నెలలో మరల అంతటి తుపాను అదే తీరమును తాకినపుడు మృతుల సంఖ్య వేయి దాటలేదు. ఆ వేయి ప్రాణములును అమూల్యములే. అయినను, 1977లో పోయినవారు 1990లో వేలకొలది జనులను బ్రతికించిరని చెప్పుటకు నేను సంకోచింపను. చనిపోయినవారిని తిరిగి తేలేము. వారి మరణమును వ్యర్థము కానీయకుండుట మాత్రము మన చేతిలోని పని.

దుఃఖమునకు పంచాంగములో స్థానము నిచ్చుట యను మరియొక విద్య మన పల్లెలకు తెలియును. మొహర్రము నెలలో పీరీలు లేచినపుడు, కర్బలాలో క్రీస్తుశకము 680లో జరిగిన వధను తలచి, తెలంగాణ గ్రామములలో ముసల్మానులతోబాటు హిందువులును అలావ గుండము చుట్టు తిరుగుదురు; పదమూడు శతాబ్దములకు పూర్వపు శోకము ఏటేట క్రొత్తది యగుచున్నది. పెత్రమాసనాడు ఉదయమున ప్రతి ఇంట చనిపోయినవారి పేర బియ్యము, కూరగాయలు ఇచ్చి, అదే సాయంత్రమున ఆడబిడ్డలు తంగేడు, గునుగు పేర్చి ఎంగిలిపూల బతుకమ్మను వాకిట నిలుపుదురు. పొద్దున పోయినవారికి, సాయంత్రము ఉన్నవారికి. నడుమ ఒక్క పగలు. దుఃఖమును మరచి పండుగ చేసికొనుమని మన సంస్కృతి చెప్పలేదు. తలచుకొని, కడిగికొని, అటుపిమ్మట పూలు పట్టుమని చెప్పినది.

ఇంత చెప్పిన నేను మన యాచారములలోని గాయములను దాచినచో అపరాధి నగుదును. భర్త పోయిన స్త్రీ గాజులు పగులగొట్టి, బొట్టు తుడిచి, ఆమెను శుభకార్యములకు దూరముగా కూర్చుండబెట్టు పద్ధతి ఓదార్పు కాదు, రెండవ మరణము. పదునొకండవనాటి వరకు అన్నము తినిపించిన చేతులే పండ్రెండవనాడు ఆమె ఎదురు వచ్చినచో ముఖము త్రిప్పుకొనుట ఏ ధర్మము? ఇక మగవాని దుఃఖమునకు మనము చూపిన దారి కల్లు దుకాణము వైపుననే యున్నది. ఏడ్చినచో పౌరుషము పోవునని బాల్యమునుండి నేర్పితిమి గనుక, బిడ్డ పోయిన తండ్రి ఏడ్వలేక త్రాగును, త్రాగి మరియొక దుఃఖమును ఇంటికి తెచ్చును. ఒక వాడ శోకము మరియొక వాడ గడప దాటకుండుటయు మన పాపములలో నొకటి. అన్నము పంపుటకు కులము అడ్డువచ్చు ఊరిలో సానుభూతికి నడక రాదు.

కావున పెద్దకర్మ మరునాడు ఏమి చేయవలెను? నా మనవి మిక్కిలి సామాన్యమైనది. మొదటగా, కాగితములు. మరణమును 21 దినములలోగా నమోదు చేయించి ధ్రువపత్రము తీసికొనవలెను. భూమి యున్నచో విరాసతు, అనగా వారసుల పేరిట మార్పు, చేయించవలెను. పోయినవాడు అర్హుడైన రైతు అయినచో రైతుబీమా క్రింద 5 లక్షల రూపాయలు నామినీకి రావలసియుండును. వితంతు పింఛనుకు దరఖాస్తు పెట్టవలెను. బ్యాంకు పుస్తకము, అప్పుపత్రము, బండి కాగితములు వెదుకవలెను. దుఃఖములో కన్ను కానని మనిషి ఈ కార్యాలయములన్నింటి మెట్లు ఒంటరిగా ఎక్కజాలదు. చదువు వచ్చిన యువకుడు ఒక్కడు ఆమె వెంట నాలుగు దినములు మండల కార్యాలయమునకు నడచినచో, అది నాలుగు సంతాపసభలకంటె పుణ్యము. కన్నీరు తుడుచుట యన్న కొన్నిమార్లు కాగితము తెచ్చి చేతిలో పెట్టుటయే.

రెండవది, మనిషి. దుఃఖమునకు గడువు పెట్టరాదు. కాని ఆరు నెలలు దాటినను మనిషి నిద్రకు, తిండికి, పనికి దూరమై, పోయినవారి తలపులోనే గడ్డకట్టియున్నచో, దానిని చికిత్సకు తగిన స్థితిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో చేర్చినది. మన ఊళ్లలో దీనిని గాలి యనియో, మొండితన మనియో అందురు. ఇంటింటికి తిరుగు ఆశా కార్యకర్త, నెలనెల కూడు గ్రామైక్య సంఘము, అంగన్‌వాడీ టీచరు, వీరు ఏడాది పొడుగున నెల కొకసారి ఆ ఇంటి గడప త్రొక్కవలెనని పంచాయతీలు ఒక నియమముగా పెట్టుకొనవచ్చును. డబ్బు అక్కరలేని నియమ మది. 14416 అను టెలి మానస్ ఉచిత సంఖ్యకు ఫోను చేసినచో తెలుగులోనే మాటాడువారు కలరని ఆ ఇంటి గోడపై వ్రాసి వచ్చినను చాలును.

మూడవది ప్రభుత్వమునకు. పదిమంది చనిపోయిన ప్రతి దుర్ఘటనకు సరిగా ఏడాది నిండిననాడు అధికారులు అదే ఊరికి వచ్చి, గ్రామసభ కూర్చి, విచారణలో ఏమి తేలినదో తెలుగులో చదివి వినిపించి, ప్రకటించినవాటిలో ఏవి అందినవో, ఆ తప్పు మరల జరుగకుండుటకు ఏమి మార్చితిమో చెప్పవలెను. నలుగురు పోయినను అంతియే, ఒక్కరు పోయినను అంతియే. మొదటినాడు వచ్చి మాట యిచ్చుట తప్పు కాదు. పిట్ట యెదుట బంధువులు చేయునదియు అదే. ఆ మాట నిలిచినదా యని అడుగుటకు ఒక దినము, ఒక స్థలము, నలుగురు సాక్షులు ఉండవలెను. నిజము వినుటకు హక్కు గలవాడు దుఃఖితుడు. ఆ నిజము దక్కనంతవరకు అతని దుఃఖము లోలోన కోపముగా మారి అతనినే కాల్చును.

ఆ ఇంటి కథను నడుమ నిలిపితిని. పిల్లల చదువు చూచెదనన్న అన్నగారు ఒక యేడు రుసుము కట్టి మానుకొనెను. అప్పు తీర్చెదనన్న మేనమామ మరల కనిపింపలేదు. ఏ మాటయు ఇయ్యని ఆ ముసలమ్మ మాత్రము, టెంటు విప్పిన మరునాటి వేకువనుండి, చేతిలో గోరువెచ్చని నీళ్ల చెంబుతో కొట్టములోనికి రాసాగెను. మొదట ఆ ఇల్లాలిచేత దూడను పట్టించెను. కొన్నాళ్లకు తవుడు కలిపించెను. మరి కొన్నాళ్లకు, భర్త తొడిగిన పాత అంగీని ఆమె భుజముపై వేయించి, బర్రె మెడ నిమిరించి, పొదుగు ముట్టించెను. “ఒర్రకు, తొందరవెట్టకు. అది గూడ యాదికి చేసుకుంటున్నది” అని మాత్రము చెప్పెడిది. ఇంచుమించు నెలన్నర గడచినది. ఒక ఉదయమున పొదుగు మెత్తబడి, చన్నులు నిండి, బర్రె చేపునకు వచ్చినది. చెంబు అడుగున పాలధార తగిలిన చప్పుడునకు ఆ ఇల్లాలు, భర్త పోయిన పిమ్మట మొదటిసారిగా, బిగ్గరగా ఏడ్చెను. ఏడ్చుచునే పిండినది, చెంబు నిండువరకు చేయి ఆపలేదు. ముసలమ్మ లేచి చీర దులుపుకొని, “రేపటి సంది జర పొద్దెక్కినంక వస్త బిడ్డా” అని చెప్పి తన ఇంటివైపు నడచెను. రానని అనలేదు.